ఇరవై మూడా, అరవై మూడా: ఒక పాల సెంటర్ యాప్ కేసు

ముందే చెప్పేస్తా, ఇందులో కంపెనీ పేరు, ఊరి పేరు ఉండవు, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశా, కొన్ని మార్చేశా. రాయలసీమలో ఒక ప్రైవేట్ డెయిరీ, ఊరూరా పాల సెంటర్లు, అంతవరకు తెలిస్తే చాలు. నేను హైదరాబాద్‌లో ఫ్రీలాన్స్ యూఎక్స్ డిజైనర్‌ని, అంటే యాప్ వాడేవాళ్ళకి తేలిగ్గా ఉండేలా తీర్చిదిద్దే పని; యూఐ అంటే స్క్రీన్ కనపడే తీరు. యూఐ అంటే రంగులు, యూఎక్స్ అంటే ఇంకొంచెం ఖరీదైన రంగులు అనుకునే క్లయింట్లు నాకు చాలామందే తగిలారు, కానీ ఈ కేసులో మొదటి నెలంతా అలా అనుకుని పనిచేసింది నేనే, అందుకే కూర్చుని రాస్తున్నా.

అక్కడ పని ఎలా జరుగుతుంది

పాల సెంటర్ ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్తా. పొద్దున అయిదున్నరకల్లా జనం క్యాన్లు, స్టీలు బిందెలు పట్టుకుని లైన్లో ఉంటారు. ప్రతి రైతుకీ ఒక నంబరు, ఈ సెంటర్లో 1 నుంచి 180 దాకా. రైతు నంబరు చెప్తాడు, సెంటర్ నడిపే ఆయన పాలు వడగట్టి కాటా మీద బకెట్లో పోయించుకుంటాడు, చిన్న కప్పుతో శాంపిల్ తీసి ఎనలైజర్ కింద పెడతాడు, అది కాసేపు గుర్రుమని వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ చూపిస్తుంది. ఎస్ఎన్ఎఫ్ అంటే వెన్న పోను పాలల్లో మిగిలే గట్టి పదార్థం, నీళ్ళు కలిస్తే రెండూ పడిపోతాయి. బరువు, వెన్న అన్నీ బ్లూటూత్‌లో ట్యాబ్‌లోకి వచ్చేస్తాయి, రేటు యాప్ వేసుకుంటుంది. అంటే మనిషి చేత్తో కొట్టేది ఒక్కటే, రైతు నంబరు. అది తప్పు పడితే ఒకరి పాల డబ్బు ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

ఎంట్రీ పడ్డాక రాత్రికి రైతు ఫోన్‌కి ఒక మెసేజ్ వస్తుంది, ఇంగ్లిష్‌లో, దాన్ని ఎవరూ చదవరు. తప్పు బయటపడేది 15 రోజులకోసారి వచ్చే బిల్లు రోజున. అప్పుడు "నేను ఆ పూట పోశానప్పా, ఎందుకు పడలా" అని గొడవ, ఆ పూట ఏం జరిగిందో అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

క్లయింట్ చెప్పింది, నేను విన్నది

క్లయింట్ ఫోన్లో అన్నమాట దాదాపు ఇదే: "యాప్ ఓల్డ్‌గా ఉందండి, సెంటర్ల వాళ్ళు తప్పులు కొడుతున్నారు, బిల్లు రోజు మా ఆఫీసుకి ఫోన్ల మీద ఫోన్లు, కొంచెం లుక్ మార్చి యూజర్ ఫ్రెండ్లీగా చేసేయండి." ఇందులో మూడు నాలుగు విషయాలున్నాయి కదా, నాకు వినపడింది "లుక్" ఒక్కటే. అదే రోజు వాళ్ళ అకౌంట్స్ వాళ్ళు ఒక ఎక్సెల్ కూడా పంపారు, ఎవరి పాలు ఎవరి ఖాతాలో పడ్డాయో ఫిర్యాదుల లిస్టు. దాన్ని డౌన్‌లోడ్ చేశా. తెరవలేదు. ఈ ఎక్సెల్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మొదటి డిజైన్, దాని గతి

స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఫిగ్మాలో కూర్చుని చాలా అందంగా చేశా, ఒప్పుకోవాలి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, లేత బూడిద రంగు అక్షరాలు, గుండ్రటి కార్డులు, ఆవుకి ఒక ఐకాన్, గేదెకి ఒక ఐకాన్. నంబరు బదులు పేరుతో వెతికే సెర్చ్ పెట్టా, నంబర్లు గుర్తుపెట్టుకోవడం కష్టం, పేరు చూసి గుర్తుపట్టడం తేలిక అనే లెక్క. 1994లో యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ రాసిన పది డిజైన్ సూత్రాల్లో ఒకటి అదే, మనిషిని జ్ఞాపకం తెచ్చుకోమనకు, కళ్ళ ముందు చూపించు అని. సూత్రం కరెక్టే, నేను వాడిన చోటు తప్పు, ఎందుకంటే ఆ ఊళ్ళో ఎవరి నంబరు వాళ్ళకి నోట్లోనే ఉంటుంది, పదేళ్ళుగా చెప్తున్న నంబరు అది. పేరుతో వెతికితే లక్ష్మమ్మలు నలుగురు వచ్చారు.

టెస్టింగ్ కూడా చేశా. అయిదుగురితో టెస్ట్ చేస్తే చాలావరకు సమస్యలు బయటపడతాయని ఆ నీల్సనే 2000లో రాశాడు కదా, నేనూ అయిదుగుర్నే పట్టుకున్నా, క్లయింట్ హైదరాబాద్ ఆఫీసులో ఏసీ రూములో కూర్చునే అయిదుగుర్ని. అందరూ సూపర్ అన్నారు.

రెండు సెంటర్లలో పైలట్ పెట్టాం, అంటే ముందు చిన్నగా వాడించి చూడటం. మొదటి రోజు సాయంత్రం పూటకే వీడియో కాల్. సెంటర్ రేకుల షెడ్డు, పడమర వైపు తెరిచి ఉంటుంది, నాలుగున్నర ఎండ సరిగ్గా ట్యాబ్ మీద పడుతుంది, నా లేత బూడిద అక్షరాలు కనపడితే ఒట్టు. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 నిష్పత్తిలో ఉండాలని డబ్ల్యూసీఏజీ, అంటే వెబ్ అందరికీ వాడుకోగలిగేలా ఉండాలని పెట్టిన ప్రమాణాలు, చెప్తుంది, అది ఇంట్లో కూర్చుని చూసేవాళ్ళకి కూడా కనీసం, ఎండలో చూసేవాళ్ళకి ఏమూలకీ రాదు, నేను పెట్టింది ఆ కనీసం కూడా దాటలేదు. దానికితోడు బటన్ల ఎత్తు ఇంగ్లిష్ పదాలు పెట్టుకుని కొలిచా. తెలుగు పెట్టగానే కింద వత్తులు తెగిపోయాయి, లక్ష్మమ్మలో క్ష కింద మ వత్తూ లేదు, మ్మ కింద వత్తూ లేదు, చదివితే ఏదో కొత్త భాష. మనవాళ్ళ ఫాంట్లకి లైన్ హైట్, అంటే ఒక్కో వరసకి ఇచ్చే ఎత్తు, ఇంగ్లిష్ కంటే బాగా ఎక్కువ ఇవ్వాలి, నేనైతే ఇప్పుడు 1.6 కంటే తక్కువ పెట్టను.

ఇంక భాష. సేవ్ బటన్ మీద "భద్రపరచు" అని రాశా. సెంటర్ ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "భద్రపరచు అంటే ఏంది మేడమ్, బీరువాలో పెట్టేదా?" ఆయన పదేళ్ళుగా "సేవ్ కొట్టినా" అంటున్నాడు. ఫ్యాట్ అన్నచోట వెన్న అని పెట్టింది మాత్రం అందరికీ నచ్చింది, ఊళ్ళో రైతులు అనేది అదే కాబట్టి. అచ్చ తెలుగా ఇంగ్లిషా అని మనం ఆఫీసులో కూర్చుని వాదించుకోవడం వేస్టు, వాళ్ళ నోట్లో ఏది ఉందో అదే స్క్రీన్ మీద ఉండాలి.

ఇవన్నీ సర్దేశాం, నల్ల అక్షరాలు, పెద్ద బటన్లు, నంబరు ప్యాడ్ వెనక్కి తెచ్చేశాం. తడి చేతులు కాబట్టి ఆండ్రాయిడ్ వాళ్ళు బటన్‌కి కనీసం అని చెప్పే 48 డీపీ (స్క్రీన్ మీద సైజు కొలత), అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు, అది కూడా చాలదనిపించి 72 చేశాం. చూడటానికి బాగుంది, వాడటానికి బాగుంది, తప్పులు మాత్రం అలాగే ఉన్నాయి.

"ఖచ్చితమా?" అనే పాపప్

అప్పుడు క్లయింట్ మీటింగ్‌లో ఎవరో అన్నారు, సేవ్ కొట్టగానే "42 నంబరు, ఖచ్చితమా?" అని ఒక పాపప్ అడిగిద్దాం అని. నాకు లోపల ఇష్టం లేదు కానీ చేతిలో వేరే ఐడియా కూడా లేదు, సరే అన్నా. మొదటి రోజు బాగానే నడిచింది. రెండో రోజు సాయంత్రానికి ఆయన బొటనవేలు నేర్చేసుకుంది, సేవ్, అవును, సేవ్, అవును, ఒకటే టకటక. పూటకి నూటయాభై మంది వస్తే నూటయాభై సార్లు అడిగే ప్రశ్నకి ఎవడైనా ఆలోచించి జవాబు చెప్తాడా? మనమే కుకీ పాపప్‌లకి చదవకుండా ఓకే కొట్టేస్తాం. పైగా లైన్ ఇంకా నెమ్మదించింది, లైన్లో వెనకవాళ్ళు తిట్లు.

ఈ పాపప్ ఎందుకు పనిచేయదో నాకు అప్పట్లో సగమే అర్థమైంది, అలవాటు పడిపోతారు కాబట్టి అనుకున్నా. అసలు కారణం ఇంకోటి ఉంది.

వెళ్ళి కూర్చున్నా

ఇది మొదటి వారంలో చేయాల్సిన పని. రెండో నెలలో చేశా. ఆ ఊరికి వెళ్ళి వరసగా మూడు పూటలు సెంటర్లో ఒక మూల ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నా, ఏమీ అడగకుండా, ఏమీ నేర్పకుండా. నేర్పాలని చెయ్యి దురద పెడుతుంది, ఆపుకోవాలి.

మొదట గమనించింది, ఆయన స్క్రీన్ చూడడు. కళ్ళు కాటా మీద, బకెట్ మీద, పాలు పోసే మనిషి చేతి మీద ఉంటాయి, కుడిచెయ్యి మాత్రం ట్యాబ్ మీదకి వెళ్ళి మూడు అంకెలు కొట్టేసి వస్తుంది, మన అమ్మలు టీవీ చూస్తూ చిక్కుడుకాయలు ఒలిచినట్టు. నేను స్క్రీన్ మీద పెట్టిన అందం, పాపప్, రంగులు ఏవీ ఆయన కంటికి ఆనవు. ఇంకో సంగతి, ఒకరి శాంపిల్ ఎనలైజర్‌లో తిరుగుతుండగానే ఆయన రెండోవాళ్ళ పాలు కాటా ఎక్కించేస్తాడు, ఎవరి కప్పు ఎవరిదో కప్పులు పెట్టే వరసలోనే ఆయనకి గుర్తు. దీన్ని కూడా యాప్‌లో పెడదామా అని ఒక క్షణం అనిపించింది, కానీ ఆ మూడు పూటల్లో అక్కడ ఒక్క తప్పు కూడా జరగలేదు, బాగా నడుస్తున్నదాన్ని గెలకడం ఎందుకని వదిలేశా.

రెండో రోజు పొద్దున ఒక పెద్దావిడ వచ్చి "నూట నలభై రెండు" అంది. ఆయన 1, 4, 2 కొట్టడం నేను నా కళ్ళతో చూశా. స్క్రీన్ మీద 42 ఉంది. సేవ్ అయిపోయింది.

ఆ రాత్రి లాడ్జిలో ఎక్సెల్ తెరిచా, మొదటి రోజు నుంచి నా మెయిల్లో పడి ఉన్న అదే ఎక్సెల్. ఎవరి పాలు అన్న కాలమ్, ఎవరికి పడ్డాయన్న కాలమ్ పక్కపక్కన పెట్టి చూస్తే 142 పోయి 42, 117 పోయి 17, 108 పోయి 8. సగానికి పైగా ఇవే జంటలు, ముందున్న ఒకటి మాయం. మిగతావాటిలో ఎక్కువ ఇంకో రకం, 23 కి 63, 65 కి 25. ఇవి మనిషి వేలు జారి పడే తప్పులైతే ఇంత పద్ధతిగా ఉండవు, పక్క బటన్ తగిలితే 2 బదులు 1 పడాలి, 3 పడాలి, ఎక్కడెక్కడో పడాలి.

డెవలపర్‌కి ఫోన్ చేసి సేవ్ కొట్టాక ఏం జరుగుతుందో ఒక్కో స్టెప్పూ చెప్పమన్నా. సేవ్ నొక్కగానే నంబరు డబ్బా ఖాళీ అవుతుంది, డేటా సర్వర్‌కి వెళ్తుంది, సర్వర్ నుంచి జవాబు వచ్చాక ఫారం మొత్తం ఇంకోసారి ఖాళీ అవుతుంది. ఆఫీసు వైఫైలో ఈ రెండు ఖాళీలకీ మధ్య కంటిరెప్ప పాటు కూడా ఉండదు. ఊళ్ళో సిగ్నల్ ఒక గీత, జవాబు రావడానికి రెండు మూడు సెకన్లు. ఈలోపు ఆయన తర్వాతివాళ్ళ నంబరు మొదలుపెట్టి 1 కొట్టేస్తాడు, అప్పుడే జవాబు వచ్చి ఆ ఒకటిని తుడిచేస్తుంది, ఆయన 4, 2 కొట్టి సేవ్ అంటాడు. ఏడాదిగా ఆయన్ని "సరిగ్గా చూసి కొట్టు" అని తిడుతున్నారు. ఆయన సరిగ్గానే కొట్టాడు, యాప్ మింగేసింది.

బాగుచేయడానికి పెద్ద కష్టం లేదు, ఎంట్రీ ముందు ట్యాబ్‌లోనే సేవ్ అయిపోవాలి, సర్వర్‌కి తర్వాత వెనకాల మెల్లగా వెళ్ళాలి, జవాబు వచ్చినా రాకపోయినా ఫారంని ముట్టుకోకూడదు. డెవలపర్ నాలుగు రోజుల్లో చేసేశాడు. ఆ రకం తప్పులు అక్కడితో ఆగిపోయాయి.

మిగిలినవి: చెవి తప్పులు

23, 63 జంట మాత్రం మిగిలింది. దీనికి ఎక్కువ బుర్ర పెట్టక్కర్లేదు, గట్టిగా పలికి చూడండి, ఇరవై, అరవై. రేకుల షెడ్డులో ఎనలైజర్ మోత, క్యాన్ల చప్పుడు, బయట బైకులు, నోట్లో వేపపుల్ల పెట్టుకుని చెప్పేవాళ్ళు. ఒక్క అక్షరం తేడా, అది గాల్లో కలిసిపోతుంది.

డిజైన్ గురించి పుస్తకాలు రాసిన డొనాల్డ్ నార్మన్ తప్పుల్ని రెండుగా విడదీస్తాడు, ఒకటి ఉద్దేశం కరెక్టే కానీ చెయ్యి జారింది, రెండోది ఉద్దేశమే తప్పు. ఇక్కడ ఆయన అరవై మూడు అనే విన్నాడు, 63 అనే కొట్టాలనుకున్నాడు, 63 కొట్టాడు. ఇప్పుడు పాపప్ వచ్చి "63, ఖచ్చితమా?" అంటే ఆయన నిజాయితీగా అవును అంటాడు, చదివి మరీ అంటాడు. తెలియని విషయం గురించి మనిషిని ఎన్నిసార్లు అడిగినా జవాబు మారదు. తప్పని తెలిసిన మనిషి అక్కడ ఒక్కరే, కాటాకి అవతలివైపు నిలబడ్డ రైతు. ఆ రైతుకి స్క్రీన్ కనపడదు.

అందుకే యాప్‌కి గొంతు పెట్టాం. సేవ్ కాగానే ట్యాబ్‌కి తగిలించిన చిన్న స్పీకర్‌లో తెలుగులో చదువుతుంది. ఆండ్రాయిడ్‌లో తెలుగు వాయిస్ ఉంది, నెట్ లేకపోయినా పనిచేసేలా ముందే దించుకోవచ్చు. మొదటి వెర్షన్ అన్నీ చదివేది, నంబరు, పేరు, లీటర్లు, వెన్న. పారదర్శకత అని మేం మురిసిపోయాం.

రెండో రోజు పొద్దున ఒకావిడ గేదె పాలు పోస్తే స్పీకర్ ఊరంతా వినేలా "వెన్న మూడు పాయింట్ ఎనిమిది" అంది. గేదె పాలకి అది బాగా తక్కువ. లైన్లో ఎవడో "బోరింగు కాడికి పోయొచ్చినట్టుందే" అన్నాడు, అందరూ నవ్వారు. గేదె జబ్బు చేసినా, మేత మారినా వెన్న పడిపోతుంది, నీళ్ళే కానక్కర్లేదు, కానీ ఆ మాట ఎవరు వింటారు. సాయంత్రం ఆవిడ పాలు పక్కవీధిలో వేరే డెయిరీ సెంటర్‌కి వెళ్ళాయి. మేం చేసిన ఫీచర్ వల్ల ఒక మనిషికి నలుగుర్లో తలవంపులు. దీన్ని నేను ఏ టెస్టింగ్‌లోనూ ఊహించలేదు, ఊహించి ఉండాల్సింది, జీతం ఎంతో మైకులో చదివితే మనం ఊరుకుంటామా. అదే రోజు వెన్న చదవడం ఆపించాం, అది స్లిప్పు మీద మాత్రమే వస్తుంది.

ఇంకో చిక్కు, స్పీకర్ "అరవై మూడు" అంటే రైతుకి మళ్ళీ ఇరవై మూడు అనే వినపడొచ్చు కదా, అదే చెవి, అదే షెడ్డు. అందుకని అంకెలు విడివిడిగా చదివించాం, "ఆరు, మూడు" అని, వెంటనే పేరు. పేర్లు డేటాబేస్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నాయి, వాయిస్ వాటిని చదివితే వెంకటమ్మ కూడా వేరే దేశం ఆవిడలా వినపడింది. సెంటర్ ఆయన, ఆయన కూతురు కలిసి రెండు సాయంత్రాలు కూర్చుని 180 పేర్లూ తెలుగులో కొట్టారు. నలుగురు లక్ష్మమ్మల దగ్గర ఆ అమ్మాయే ఊళ్ళో పిలిచే పేర్లు పెట్టింది, పై వీధి లక్ష్మమ్మ, బావి కాడ లక్ష్మమ్మ అని. నేనైతే ఇంటిపేరు పెట్టేదాన్ని, ఊళ్ళో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

"తప్పు పడింది" బటన్

రైతు "అది నాది కాదబ్బా" అంటాడు, మరి తర్వాత? పాత యాప్‌లో దిద్దాలంటే రిపోర్ట్స్‌లోకి వెళ్ళి, తేదీ ఎంచుకుని, పూట ఎంచుకుని, ఎంట్రీ వెతికి, ఆఫీసు పర్మిషన్ అడగాలి. లైన్ మధ్యలో అది ఎవరూ చేయరు, "రాత్రికి సరిచేస్తాలే" అంటారు, మర్చిపోతారు. అందుకే సేవ్ అయిన ఎంట్రీని స్క్రీన్ పైన పెద్ద పట్టీలా ఉంచి, పక్కనే ఒక బటన్ పెట్టాం, దాని మీద మాట "తప్పు పడింది". నొక్కి కొత్త నంబరు కొడితే అయిపోయింది. జీమెయిల్‌లో పంపిన మెయిల్ వెనక్కి తీసుకునే అన్‌డూ ఉంది చూడండి, 2009లో ల్యాబ్స్‌లో, అంటే ప్రయోగం ఫీచర్ల చోట, మొదలై 2015లో అందరికీ వచ్చింది, అదే ఆలోచన. ప్రతిసారీ అడగొద్దు, చేయనివ్వు, తప్పైతే తేలిగ్గా వెనక్కి తీసుకోనివ్వు.

అకౌంట్స్ వాళ్ళు ఒప్పుకోలేదు, ఎంట్రీలు మార్చే అవకాశం ఇస్తే సెంటర్ వాళ్ళు ఆడుకుంటారు అన్నారు. వాళ్ళ భయం అన్యాయం కాదు, డబ్బు విషయం. రెండు మీటింగులు పట్టింది. చివరికి కుదిరింది ఇది, ఆ పూట అయ్యేలోపు నంబరు మాత్రమే మార్చొచ్చు, లీటర్లు, వెన్న మిషన్ నుంచి వచ్చినవి కాబట్టి వాటిని ఎవరూ ముట్టుకోలేరు, మార్చిన ప్రతిదీ పాత నంబరుతో సహా ఆఫీసులో కనపడుతుంది. నాకు ఇది నా మొదటి ఐడియా కంటే మంచిదనిపించింది, నిజం చెప్పాలంటే. "ఖచ్చితమా?" పాపప్‌ని అదే రోజు తీసేశాం.

తర్వాత

మూడో బిల్లుకి ఆ రెండు సెంటర్ల నుంచి నంబరు గొడవ ఒక్కటే వచ్చింది. దాని సంగతి చివర్లో చెప్తా. క్లయింట్‌కి నా మొదటి అందమైన డిజైన్ ఇప్పటికీ ఇష్టం, ప్రెజెంటేషన్లలో దాని స్క్రీన్‌షాట్లే పెడతారు.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి రెండే. ఏ ప్రాజెక్ట్ ఒప్పుకున్నా ముందు తప్పుల లిస్టు అడుగుతా, ఎక్సెల్ అయినా, కాగితం మీద ఉన్నా, ఫిగ్మా తెరవకముందు దాన్ని పక్కపక్క కాలమ్స్‌లో పెట్టి చూస్తా, తప్పుల్లో ఒక పద్ధతి కనపడిందంటే దోషం మనిషిది కాదు, స్క్రీన్‌ది అని సగం తేలిపోయినట్టే. రెండోది, తప్పు జరిగితే నష్టం ఎవరికి, ఆ మనిషికి అది ఎప్పుడు తెలుస్తోంది అని అడుగుతా. ఇక్కడ నష్టపోయేది రైతు, తెలిసేది 15 రోజులకి. దాన్ని 15 సెకన్లకి తేవడమే మేం చేసిన అసలు డిజైన్, అందులో స్క్రీన్ మీద కనపడేది పెద్దగా ఏమీ లేదు, పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవడానికి ఒక బటన్, ఒక స్పీకర్ ఫోటో.

ఆ ఒక్క గొడవ సంగతి. ఇంట్లో పెద్దాయనకి ఒంట్లో బాగాలేక వారం రోజులు మనవడు తెచ్చి పోశాడు. ఇంటర్ చదివే పిల్లాడు. నంబరు "ఇరవై అయిదు" అని చెప్పాడు, సెంటర్ ఆయనకి అరవై అయిదు వినపడింది, స్పీకర్ "ఆరు, అయిదు" అంటూ వేరేవాళ్ళ పేరు కూడా చదివింది. పిల్లాడి రెండు చెవుల్లోనూ ఇయర్‌బడ్స్. సెంటర్ ఆయన నాకు ఫోన్ చేసి అడిగాడు, "దీనికేం చేద్దాం మేడమ్?" అని. ఇప్పటిదాకా నేను జవాబు చెప్పలేదు, ఆయనే సెంటర్ ముందు అట్ట ముక్క మీద పెద్దక్షరాలతో రాసి వేలాడదీశాడు, చెవుల్లోవి తీసి పాలు పోయవలెను అని.